చెప్పులతో కొండెక్కినవాడు

నాన్న పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకాల నాటికి ఆయన మీద ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాలని బాబాయి పూనుకున్నాడు. నలభై పేజీలు, అట్ట మీద నాన్న ఫోటో, లోపల చుట్టాలూ, ఆఫీసులో కలిసి పనిచేసినవాళ్లూ, భజన బృందం వాళ్లూ రాసిన జ్ఞాపకాలు. అచ్చుతప్పులు దిద్దే పని నాకు అప్పగించాడు. మొత్తం 23 మంది రాశారు.

దిద్దుతూ కూర్చున్న రెండు రాత్రులూ మనసులో ఏదో వెలితి. అందరూ ప్రేమగానే రాశారు. నిజమే రాశారు. ‘పరమ భక్తుడు’ అన్నారు, ‘భార్యాబిడ్డలే లోకం’ అన్నారు, ‘ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగడు’ అన్నారు. కానీ పేరొక్కటి మారిస్తే ఆ కాగితాల్లో ఇరవై దాకా ఇంకెవరి సంవత్సరీకాలకైనా పనికొస్తాయి. నాకు బాధేసింది అక్కడే. డెబ్బై ఆరేళ్లు బతికిన మనిషి, నేను పుట్టినప్పటినుంచీ చూసిన మనిషి, వాటిలో ఎక్కడా కనబడలేదు.

నా వంతుకు నేనూ పేజీన్నర రాశాను. 1986లో జరిగిన సంగతి. నాకు పదేళ్లు, తమ్ముడికి నాలుగు. నాన్నకు ఏటా ఒకసారి కాలినడకన తిరుమల వెళ్లే మొక్కు ఉండేది. ఆ ఏడు బయలుదేరాల్సిన రోజు పొద్దున తమ్ముడి ఒళ్లు కాలిపోతోంది. ‘ఇవాళ్టికి ఆగండి’ అంది అమ్మ. నాన్న వాడి నుదుటి మీద చెయ్యేసి చూశారు, దేవుడి గూట్లోంచి కుంకుమ తెచ్చి బొట్టు పెట్టారు. ‘మొక్కు దాటేయకూడదు. వాణ్ణి ఆయనే చూసుకుంటాడు’ అని సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయారు. ఆ రాత్రి తమ్ముడికి ఫిట్స్ వచ్చాయి. మా ఇంట్లో ఫోన్ లేదు. అమ్మ వాణ్ణి భుజాన వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని, చీకట్లో ఆసుపత్రి దాకా నడిచింది. అక్కడ రెండు రాత్రులు బెంచీ మీద కూర్చుంది. మూడో రోజు నాన్న గుండుతో, లడ్డూలతో తిరిగొచ్చి, ఇంటికి తాళం చూసి, పక్కింటివాళ్లు చెబితే పరుగెత్తుకుని వచ్చారు. తమ్ముడు బతికాడు. అమ్మ చాలా రోజులు నాన్నతో మాట్లాడలేదు.

బాబాయి చదివి ఫోన్ చేశాడు. ‘ఇదంతా ఇప్పుడెందుకమ్మా? పోయిన మనిషి. పిల్లలు చదువుతారు. మంచి చెప్పుకుందాం’ అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. అన్నను తండ్రిలా చూసుకున్న మనిషి ఆయన. కానీ ఆయన మాట నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఎందుకు ఒప్పుకోలేనో నాన్న బీరువాలోనే ఉన్న ఒక పుస్తకం నాకు చెప్పింది.

అది ‘అన్నమాచార్య చరిత్రము’. ద్విపద కావ్యం. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించి, సుదీర్ఘమైన పీఠిక రాస్తే 1949లో వెలుగు చూసింది. నాన్న దగ్గరున్నది తర్వాతి ముద్రణ, అట్ట ఊడితే ఆయనే గోధుమరంగు కాగితం అంటించుకున్నారు. దాన్ని రాసినవాడు చిన్నన్న, అంటే తాళ్లపాక తిరువేంగళనాథుడు. పెదతిరుమలాచార్యుల కొడుకు, అన్నమయ్యకు స్వయానా మనవడు. ఈ సంగతి దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మనకు అన్నమయ్య జీవితం గురించి తెలిసిన కథల్లో చాలావాటికి మూలం ఒక మనవడు తాతను తలుచుకుంటూ రాసిన పుస్తకం. రాజు చెప్పి రాయించింది కాదు. ఒక ఇంటివాళ్లు తమ పెద్దాయనను ఎలా గుర్తుపెట్టుకున్నారో అదే మన దాకా వచ్చింది.

మరి ఆ మనవడు ఏం రాశాడు?

మొదట తాతకు తాత దగ్గర ఎత్తుకున్నాడు. నారాయణయ్య అని ఆయన పేరు. చదువుకోమని ఊటుకూరు పంపితే ఒక్క అక్షరం అంటలేదు. గురువు దండించాడు. ఆ కుర్రవాడు అవమానం తట్టుకోలేక, ఊరిదేవత చింతలమ్మ గుడి దగ్గరి పాముపుట్టలో చెయ్యి పెట్టాడు, పాము కరిస్తే చచ్చిపోదామని. అమ్మవారు కనబడి ఓదార్చింది, నీ వంశంలో మూడో తరంలో గొప్ప భక్తుడు పుడతాడని చెప్పింది. తమ వంశకీర్తిని ఎత్తుకోవాల్సిన చోట, చదువు రాక చావబోయిన పిల్లవాణ్ణి నిలబెట్టాడు చిన్నన్న.

తర్వాత అన్నమయ్య చిన్నతనం. ఎప్పుడూ పాట పాడుకుంటూ తిరుగుతున్నాడని, పనీపాటా చేయడని ఇంట్లోవాళ్లు విసుక్కున్నారు. గడ్డి కోసుకు రమ్మన్నారు. కొడవలితో గడ్డి కోస్తూ వేలు కోసుకున్నాడు. ఆ నెత్తురు చూసుకుని, తల్లీ తండ్రీ అన్నదమ్ములూ ఎవరూ తనవాళ్లు కారనిపించి, అటుగా పోతున్న యాత్రికులతో కలిసి తిరుమల దారి పట్టాడు. ఏ ఇంట్లోనైనా జరిగే గొడవే ఇది. ఇంటిపెద్దలు తిట్టారని, పిల్లవాడు అలిగి వెళ్లిపోయాడని మనవడే రాశాడు. ఆ తిట్టినవాళ్లూ చిన్నన్నకు పూర్వీకులే.

ఇక చెప్పుల సంగతి. మోకాళ్ల పర్వతం దాకా ఎక్కేసరికి ఆ కుర్రవాడికి ఆకలి, నీరసం, కళ్లు తిరుగుతున్నాయి. కాళ్లకు చెప్పులున్నాయి. వెదురుపొద నీడన ఒక బండ మీద వాలిపోయాడు. కలలో అలమేలుమంగ ముసలి ముత్తయిదువులా వచ్చిందని చెప్పుకుంటారు. ఈ కొండంతా సాలగ్రామమయం, చెప్పులతో ఎక్కుతున్నావు, అవి విడిచి చూడు అంది. ప్రసాదం పెట్టి ఆకలి తీర్చింది. లేచి చెప్పులు విడిచాడు, కొండ కనబడింది, అక్కడికక్కడే అమ్మవారి మీద శతకం చెప్పాడు.

నేను చిన్నప్పుడు ఈ కథ నాన్న నోటే విన్నాను. అలిపిరి నుంచి దాదాపు 3,550 మెట్లు. మోకాళ్ల పర్వతం దగ్గర మెట్లు నిటారుగా ఉంటాయి, కొందరు అక్కడ మోకాళ్ల మీద ఎక్కుతారు. అక్కడికి రాగానే నాన్న మమ్మల్ని కూర్చోబెట్టి ఈ కథ చెప్పేవారు. ప్రతిసారీ అదే కథ, అదే చోట. మాకు వినీ వినీ కంఠతా వచ్చేసింది. తమ్ముడు ముందే అందించేవాడు. అయినా నాన్న పూర్తిగా చెప్పి గానీ లేచేవారు కాదు.

ఇప్పుడు ఆ పుస్తకం తిరగేస్తుంటే నాకు అర్థమైంది ఇది. చిన్నన్న ఆ చెప్పులను దాచి ఉంటే ఏమయ్యేది? ఎనిమిదేళ్ల పసివాడు, భక్తితో కొండెక్కాడు, అమ్మవారు ప్రత్యక్షమైంది అని రాస్తే తాతకు గౌరవం ఏమీ తగ్గేది కాదు. చదివేవాడికీ కొరత అనిపించేది కాదు. కానీ అప్పుడు అలమేలుమంగ రావాల్సిన పనేముంది? ఆమె వచ్చింది తప్పు చేసినవాడి దగ్గరికి. అలసిపోయినవాడి దగ్గరికి. చెప్పులు తీసేస్తే కథలోంచి తల్లి కూడా వెళ్లిపోతుంది. భక్తి అంటేనే దయ కావలసినవాడి వ్యవహారం. ఏ తప్పూ చేయని మనిషిగా నాన్నను అచ్చు వేస్తే, ఆయన జీవితమంతా ఏ దయను నమ్ముకున్నారో దాన్నే ఆయన నుంచి లాగేసుకున్నట్టు. బాబాయికి ఈ మాటే చెప్పాను.

ఆయన ఊరుకోలేదు. బాబాయి కూడా చదివినవాడే. ‘చిన్నన్న రాసిన తప్పులన్నీ చివరికి మహిమలుగా తేలినవే కదమ్మా. సంకెళ్ల కథ చూడు. తన మీద పాట కట్టమని సాళువ నరసింహరాయలు అడిగితే అన్నమయ్య కాదన్నాడు, సంకెళ్లు వేస్తే పాట పాడాడు, అవి ఊడిపోయాయి. అలాంటి ఇంటివాళ్లకు గుడిలో మర్యాదలున్నాయి, పేరుంది. తాతను గొప్పచేసుకోవడం వాళ్లకు అవసరం. మీ నాన్న తప్పు ఏ మహిమగా తేలింది?’ అన్నాడు.

ఈ మాటకు నేను చాలా రోజులు జవాబు వెతికాను. సగం ఒప్పుకుంటాను. తాళ్లపాకవారికి తిరుమల గుడితో గట్టి సంబంధం ఉంది, చరిత్ర రాయడంలో వంశగౌరవం చిన్నన్న మనసులో ఉండే ఉంటుంది. కానీ గౌరవమొక్కటే కావాలనుకునేవాడు సంకెళ్ల కథ ఒక్కటి రాస్తే చాలు. గడ్డి కోయించిన ఇంటి సంగతి, చదువు రాని నారాయణయ్య సంగతి అతనికి అక్కర్లేదు. పూజలో పెట్టుకున్న విగ్రహాలు పోయి అన్నమయ్య విలవిల్లాడిన సంగతి కూడా అక్కర్లేదు. అవి వదలకపోవడానికి కారణం, నా అంచనాలో, అవి ఆ ఇంట్లో ఎప్పటినుంచో చెప్పుకుంటున్న కథలు కావడమే. పడుకునే ముందు పిల్లలకు చెప్పే కథల్లోకి మనిషి నిండుగా వస్తాడు, వేలు తెగిన చోట నెత్తురుతో సహా. సభల్లో చెప్పే మాటల్లోకి అలా రాడు.

అన్నమయ్య గురించి మనం చెప్పుకునే తీరులోనే నాకు ఇంకో పేచీ ఉంది. భక్తుడు అనగానే ఇల్లు విడిచినవాణ్ణి ఊహించుకుంటాం. తంబురా, ఒంటరితనం, వైరాగ్యం. అన్నమయ్య 1408లో పుట్టి 1503లో వెళ్లిపోయాడు. తొంభై అయిదేళ్లు. పదహారో ఏట, అంటే 1424లో మొదలుపెట్టి కన్నుమూసిన ఆ దుందుభి నామ సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా సంకీర్తనలు చెప్పాడని, ఆయన పాటలు చెక్కిన రాగిరేకుల్లో తొలిదాని మీదే ఉంది. ఆ డెబ్బై ఎనిమిదేళ్లలో ఎక్కువ భాగం ఆయన సంసారి. ఇద్దరు భార్యలు, కొడుకులు, కోడళ్లు, మనవలు. ఇల్లు విడిచిపోయిన ఆ గడ్డికోత కుర్రవాడు తిరిగొచ్చి పెళ్లి చేసుకుని ఇల్లు నిలబెట్టాడు. రాగిరేకుల్లో అధ్యాత్మ సంకీర్తనల కన్నా శృంగార సంకీర్తనలే ఎక్కువ. అలకలు, బుజ్జగింపులు, ఎత్తిపొడుపులు, ఆలుమగల మాటలు. భజనల్లో వాటిని పెద్దగా ముట్టుకోం, ఎందుకో ఇబ్బంది. నాకైతే అందులోనే ఆయన ఇల్లు వినబడుతుంది. ఇంట్లో మసలని మనిషికి ఆ పలుకుబడి పట్టుబడుతుందని నేననుకోను.

ఆ ఇల్లే ఆయనను నిలబెట్టింది కూడా. ముప్పై రెండు వేల సంకీర్తనలు చెప్పాడంటారు. మనకు దక్కినవి దాదాపు 12,000. దక్కడానికి కారణం కొడుకు పెదతిరుమలాచార్యులు వాటిని రాగిరేకుల మీద చెక్కించడం. తాటాకు మీద రాయించి ఊరుకోవచ్చు, అందరూ చేసేదే. ఆయన రాగి కొనిపించాడు, చెక్కేవాళ్లను పెట్టాడు, తిరుమల గుడిలో వాటికోసం ఒక అరే ఉంది, సంకీర్తన భాండాగారం అని. తండ్రి సంస్కృతంలో రాసిన ‘సంకీర్తన లక్షణం’ అనే పుస్తకం పోయింది. మనవడు చినతిరుమలాచార్యులు దాన్ని తెలుగు చేయబట్టి ఈనాడు దానిలో ఏముందో తెలుస్తోంది. కొడుకు, ఇద్దరు మనవలు. ఒకరు చెక్కించారు, ఒకరు తెలుగు చేశారు, ఒకరు కథ రాశారు. ఆ తర్వాత ఎన్నో తరాలు ఆ రేకులను ఎవరూ పట్టించుకోలేదు. 1922లో మళ్లీ వెలుగులోకి వచ్చాయి.

అయినా ఒకటి పోయింది. రేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఆ వరస ఎలా సాగేదో పాడేవాళ్ల గొంతుల్లోనే ఉండేది. పాడేవాళ్లు పోయాక పోయింది. ఈనాడు మనం వింటున్న వరసలు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి లాంటివాళ్లు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి.

నాన్న గొంతు కూడా అంతే. రోజూ పొద్దున అరగంట పాడేవారు. శ్రుతి కుదిరేది కాదు, ఆయనకు ఆ పట్టింపూ లేదు. ఎవరమూ రికార్డు చేయలేదు. ఎప్పుడూ ఉంటుందిలే అనుకున్నాం. తమ్ముడి ఫోన్‌లో ఒక్క ముక్క దొరికింది, పద్నాలుగు సెకన్లు. పల్లవి ఎత్తుకుంటారు, మధ్యలో ఆపి ‘ఏమోయ్, మాత్ర వేసుకున్నావా?’ అని అమ్మను అడుగుతారు. లోపల్నుంచి అమ్మ ఏదో అంటుంది. మళ్లీ పల్లవి. అక్కడితో అయిపోతుంది. 23 మంది రాసిన దాని కన్నా నాన్న ఎవరో ఆ పద్నాలుగు సెకన్లలో ఎక్కువ ఉంది.

ఇక్కడ చిన్నన్న పుస్తకంలోనూ నాకు ఒక లోటు కనబడుతుంది. అన్నమయ్య భార్యలు తిమ్మక్క, అక్కలమ్మ. తిమ్మక్క ‘సుభద్రా కల్యాణం’ రాసింది, తెలుగులో తొలి కవయిత్రి ఆమేనని చాలామంది అంటారు. అంత రాయగలిగిన మనిషి. పక్కన కూర్చుని ఆ డెబ్బై ఎనిమిదేళ్లలో ఎన్నేళ్లు చూసిందో ఏమేమి చూసిందో, ఆమె మాటల్లో మనకు ఒక్క ముక్క మిగల్లేదు. అక్కలమ్మ మాట అసలే లేదు. పాట తట్టిన రాత్రి ఇంట్లో దీపం ఎవరు చూసుకున్నారు, పిల్లవాడికి జ్వరమొస్తే ఎవరు మేలుకున్నారు? పెద్ద భక్తుడి పక్కన బతికినవాళ్లు ఆ భక్తికి తమ వంతు చెల్లిస్తారు. మా పుస్తకంలోనూ అదే జరిగింది. 23 కాగితాల్లో అమ్మ ‘సహధర్మచారిణి’గా తొమ్మిదిసార్లు కనబడుతుంది. ఆమె పేరు రెండుసార్లు. ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్న రెండు రాత్రులు నా కాగితంలో తప్ప ఎక్కడా లేవు, బాబాయి తీసేయమన్నది ఆ కాగితాన్నే. నాన్న తప్పు దాచాలనుకుంటే దానితో పాటు అమ్మ నడిచిన నడకనూ దాచాలి. ఆ రెండూ విడివిడిగా లేవు. నేను గట్టిగా పట్టుబట్టింది నాన్న మీద కోపంతో కాదు. అమ్మ కోసం.

చివరికి బాబాయే అన్నాడు, ‘వదినను అడుగు. ఆమె వద్దంటే వద్దు’ అని. న్యాయమైన మాట.

అమ్మకు చదివి వినిపించాను. కళ్లు మూసుకుని వింది. ఫిట్స్ అన్న చోట ఒకసారి చెయ్యి కదిలింది. అయిపోయాక చాలాసేపు ఏమీ అనలేదు. నాకు భయమేసింది, తప్పు చేశానేమోనని.

‘అంతే రాశావా?’ అంది.

‘అంతే అమ్మా.’

‘తర్వాత సంగతి నీకు తెలీదులే.’

నాకు తెలిసింది కొంత ఉంది. ఆ తర్వాత నాన్న అమ్మ లేకుండా కొండకు వెళ్లలేదు. మొక్కు రోజున ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా ప్రయాణం ఆగిపోయేది. ఒక ఏడు అమ్మకు కాలు బెణికితే పూర్తిగా మానేశారు, భజన బృందంవాళ్లు వచ్చి పిలిచినా కదల్లేదు. తమ్ముడికి పరీక్షల ముందు జ్వరమొస్తే సెలవు పెట్టి పక్కనే కూర్చున్నారు, తడిగుడ్డ వాళ్లనీ వీళ్లనీ వేయనివ్వలేదు. ఇవన్నీ చూశాను గానీ ఒకదానికొకటి ముడిపెట్టలేదు. పిల్లలం, మాకు అది నాన్న తీరు, అంతే.

అమ్మ చెప్పింది. మరుసటి ఏడు నలుగురం వెళ్లాం కదా, మోకాళ్ల పర్వతం దగ్గర కూర్చున్నాం. నువ్వూ తమ్ముడూ కోతుల్ని చూస్తూ కింది మెట్ల మీద ఉన్నారు. మీ నాన్న ఆ చెప్పుల కథ మొదలుపెట్టారు, నాకే. ఏడాదిగా నేను సరిగా మాట్లాడింది లేదు. ఈయన ఇప్పుడు ఈ పురాణం ఎందుకు మొదలెట్టారా అనుకున్నాను. మొత్తం చెప్పారు. చెప్పి, నా వైపు చూడకుండా, ‘పోయినేడు నేను చెప్పులతో ఎక్కానే’ అన్నారు.

‘నువ్వేమన్నావు?’ అని అడిగాను.

‘ఏమంటాను? బుట్టలోంచి పులిహోర తీసి పెట్టాను. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు మనిషి.’

అందుకే ప్రతి ఏడూ అక్కడ ఆగి అదే కథ చెప్పేవారన్నమాట. మాకు చెబుతున్నారనుకున్నాం.

‘వేయించు’ అంది అమ్మ. ‘నేను చెప్పింది కూడా కింద రాయి. పులిహోర మాట అక్కర్లేదు.’

పులిహోర మాట కూడా రాశాను. బాబాయి చదివి మళ్లీ ఫోన్ చేశాడు. కాసేపు మాట్లాడలేదు. ‘మా అన్న నాకెప్పుడూ చెప్పలేదమ్మా’ అన్నాడు. తర్వాత పేజీల లెక్కలోకి దిగాడు. నాది పేజీన్నర నుంచి మూడు పేజీలైంది, ప్రెస్సువాళ్లు నలభైకి మించితే ఇంకో ఫారం పడుతుందంటున్నారు. రిటైరైన రోజు శాలువా కప్పిన ఫోటో ఒకటి ఉంది, దానికి పేజీ అంతా ఇచ్చాడు. అది తీసేద్దామన్నాడు.